వాట్సాపా, ఆఫీసు యాపా, ఈసంజీవనా: మన రోగం గుట్టు ఎక్కడ భద్రం?

బెంగళూరులో ఉద్యోగం చేసే మనవాళ్లకి ఒంట్లో బాగోకపోతే ఫోన్‌లోనే మూడు దారులున్నాయి: ఊళ్లో ఎప్పట్నుంచో చూసే డాక్టరుగారి వాట్సాప్, కంపెనీ ఇన్సూరెన్సుతో వచ్చే కన్సల్టేషన్ యాప్, ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వైద్య సేవ ఈసంజీవని. ఏ డాక్టరు బాగా చూస్తారన్నది పక్కన పెడదాం. మన సంగతి ఇంకెవరి చెవిన పడుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

వాట్సాప్‌లో వైద్యమేంటని కొందరు తీసిపారేస్తారు గానీ, 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో వైద్యం) మార్గదర్శకాలు దాన్నీ ఒప్పుకున్నాయి. 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి మెసేజ్‌ని దారిలో ఎవరూ చదవలేరు. చిక్కంతా రెండు కొసల్లోనే. తొడ మీద దద్దుర్లు ఫొటో తీశారనుకోండి. అది గ్యాలరీలో చేరుతుంది, అక్కణ్నుంచి గూగుల్ ఫొటోస్‌కి ఎక్కుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకటే అకౌంటైతే నాన్నగారి ఫోన్‌లో తేలుతుంది! అవతల డాక్టరుగారి ఫోన్ కాంపౌండర్ చేతిలో ఉండొచ్చు. ఒక్కసారే తెరుచుకునేలా పంపొచ్చు కదా అంటారా? రికార్డు ఉంచుకోవాలని డాక్టర్లకి ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి మరి. పైగా చాట్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ మనమే విడిగా ఆన్ చేసుకోవాలి.

కంపెనీ యాప్‌లో రికార్డులన్నీ ఒకచోట ఉంటాయి, కాంపౌండర్ బెడద లేదు. భయమల్లా మేనేజరుకి తెలుస్తుందేమోనని. రోగి ఒప్పుకోకుండా వివరాలు బయటపెట్టకూడదన్న నియమం డాక్టరుకి ఉంది. కానీ మొదట్లో చదవకుండా టిక్ కొట్టేస్తామే, దేనికి ఒప్పుకున్నామో అందులోనే ఉంటుంది. ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవ్వకండి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అసలు తెరవకండి. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, భద్రత గాలికొదిలేస్తే 250 కోట్ల దాకా జరిమానా అంది. నియమాలు మాత్రం 2025 నవంబరుకి గానీ రాలేదు, అందులోనూ ముఖ్యమైన వాటికి 18 నెలల గడువిచ్చారు.

ఈసంజీవని ఉచితం, ఓటీపీతో లాగిన్. ఆఫీసుకీ ఇన్సూరెన్సుకీ దాంతో పనిలేదు. కాకపోతే ప్రతిసారీ అదే డాక్టరు దొరక్కపోవచ్చు, అప్పుడు కథంతా మొదట్నుంచీ చెప్పుకోవాలి. సర్కారు సర్వర్ కదా అని మరీ ధీమా వద్దు. 2022 నవంబరులో సైబర్ దాడికి ఢిల్లీ ఎయిమ్స్ అంతటిదే రోజుల తరబడి కాగితాల మీద పని నడిపింది.

నా మటుకు జలుబూ జ్వరానికి వాట్సాప్ చాలు. ఇంట్లో తెలియకూడనిదైతే సొంత నంబరుతో యాప్, ఆఫీసులో తెలియకూడనిదైతే ఊరి డాక్టరు. రెండు చోట్లా తెలియకూడదనుకుంటే ఈసంజీవని, ఓపికుండాలంతే.

మారతహళ్ళి పీజీల్లో ఉండేవాళ్లకి ఇంకో గొడవ. గదికి ముగ్గురు, మధ్యలో ప్లైవుడ్ గోడ. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే డాక్టరు మాట బయటికి రాదు గానీ, మన మాట పక్క గదిదాకా వెళ్తుంది. అక్కడ వీడియో కన్నా చాట్‌లో టైపు చేయడమే నయం. చూసి తీరాల్సిందైతే వీడియోలోకి రమ్మని డాక్టరే అడుగుతారు.