బంగారు చుక్కల పరీక్ష: జేపెగ్, టిఫ్, రా ఫైళ్లతో నా అనుభవం

ఫొటోలను ఏ ఫైలుగా దాచాలి, ఏ ఫైలుగా ప్రింటుకివ్వాలి అని అడిగేవారికి నా జవాబు ఒకటే. అసలు ఫొటోను రా ఫైలుగానో (కెమెరా పట్టిన వివరాలను దిద్దకుండా ఉంచే ఫైలు) టిఫ్‌గానో (ఏమీ పోగొట్టకుండా దాచే ఫైలు) దాచుకోండి. ప్రింటుకైనా, ఫోనులో పంపడానికైనా దాని నుంచే ఎప్పటికప్పుడు కొత్త జేపెగ్ (కుదించిన చిన్న ఫైలు) తీసుకోండి. చీమకుర్తి గ్రానైట్ పలకలనూ ఒంగోలు చుట్టుపక్కల పెళ్లిళ్లనూ ఏళ్ల తరబడి తీశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

ఫైలు సత్తా తేల్చడానికి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని మించిన రాయి లేదు. నిగనిగలాడే నలుపు మీద ఆవగింజ కన్నా చిన్న బంగారు రంగు చుక్కలు. కొనేవారు చూసేది వాటినే. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో మామూలు సెట్టింగు మీద వెలుగునీడలను అలాగే ఉంచి, రంగు వివరాన్ని మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం తగ్గిస్తుంది. పెళ్లికూతురి ముఖానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. నల్లరాయి మీద రెండు మూడు పిక్సెళ్ల చుక్కకు మాత్రం ప్రాణం పోతుంది. పసుపు పక్కకు ఒలికి చుక్క బూడిద రంగుకు తిరుగుతుంది, దాని చుట్టూ నలుపు మసకబారుతుంది. నాణ్యత 100కి 60 దగ్గర సేవ్ చేసిన ఫైలును తెర మీద పెద్దది చేసి చూడండి, మీకే తెలుస్తుంది. నాణ్యతను 90 దాటించి, రంగు తగ్గింపును ఆపేస్తే మాత్రం తేడా వెతికినా నాకు దొరకలేదు.

కాపీ చేసినంత మాత్రాన జేపెగ్ పాడవుతుందని చాలామంది భయపడతారు. పాడవదు. తెరిచి, దిద్ది, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. అందుకే దిద్దుబాటు పని జేపెగ్ మీద చేయకూడదని పట్టుబడతాను. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైలులో 16,384. నల్లరాయిలోని నీడను కాస్త పైకి లేపితే చాలు, జేపెగ్‌లో చారలు తేలతాయి. రా ఫైలు ఆ దిద్దుబాటును హాయిగా తట్టుకుంటుంది. టిఫ్ కూడా ఏమీ పోగొట్టదు కానీ చోటు మింగేస్తుంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటో కుదించని 16 బిట్ల టిఫ్‌గా దాదాపు 144 ఎంబీ అవుతుంది.

మరి ల్యాబుకు టిఫ్ ఇస్తే ప్రింటు మెరుగవుతుందా? నా అనుభవంలో లేదు. ఒకే పలక ఫొటోను రెండు రకాలుగానూ 12×18 అంగుళాల్లో వేయించి, భూతద్దం పెట్టి చూసినా ఏది ఏదో చెప్పలేకపోయాను. అక్కడ లెక్కకొచ్చేది పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున ఆ సైజుకు 3600×5400 కావాలి, 24 మెగాపిక్సెళ్ల కెమెరా దానికి సరిపోతుంది. రంగుల సంగతి ఇంకా ముఖ్యం. ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉన్న ఫైలును ల్యాబు మామూలు పద్ధతి అయిన ఎస్‌ఆర్‌జీబీ అనుకుని వేసేస్తే పట్టుచీర ఎరుపు వెలిసిపోయి వస్తుంది. కాబట్టి ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ ఇవ్వడమే క్షేమం. ఆఫ్‌సెట్ ప్రెస్సులో క్యాటలాగు వేయించేటప్పుడు వేరే దారి. అక్కడ సీఎంవైకే (ప్రెస్సు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి) టిఫ్ అడుగుతారు. పీఎన్‌జీ అనే మరో ఫైలు రకానికి సీఎంవైకే లేదు. లోగోలకూ అక్షరాలకూ పీఎన్‌జీ బంగారం, ఫొటోలకు అనవసరపు బరువు. వెబ్‌పీ అనే ఫైలు రకం వెబ్‌సైట్ల వరకే.

పంపడం దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతోంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించి పంపుతుంది, డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. ప్రింటు వేయించే ఫొటోను డాక్యుమెంటుగానే పంపమని బంధువులందరికీ చెబుతూనే ఉన్నాను. 2017 నుంచి ఐఫోన్లు తీస్తున్న హెచ్‌ఈఐసీ ఫైళ్లు చిన్నవి, నాణ్యమైనవి. కానీ చిన్న ల్యాబుల్లోని పాత కంప్యూటర్లలో తెరుచుకోవు. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే నేరుగా జేపెగ్ వస్తుంది. డాక్యుమెంటుగా పంపిన ఫైలులో ఫొటో తీసిన చోటు వివరాలు కూడా వెళ్లవచ్చు. ఇంట్లో తీసిన పిల్లల ఫొటోలైతే ఆ వివరాలను తొలగించాకే పంపండి.