రక్తం వద్దన్న మా అమ్మకి ఆపరేషన్ చేసిన హాస్పిటల్

మా అమ్మకి 47 ఏళ్లు. గర్భసంచిలో గడ్డలు, నెలలో పది పన్నెండు రోజులు బ్లీడింగ్. హిమోగ్లోబిన్ 7.4కి పడిపోయింది. అమ్మ యెహోవాసాక్షి, అంటే రక్తం ఎక్కించుకోవడం తప్పని నమ్మే క్రైస్తవ శాఖ. ప్రాణం మీదికి వచ్చినా రక్తం ఎక్కించుకోదు, ఆ మాట రాసిన కార్డు ఎప్పుడూ పర్సులో ఉంటుంది. నాకు ఆ నమ్మకం లేదు.

మొదట వెళ్లిన చోట, రక్తానికి ఒప్పుకుంటేనే ఆపరేషన్ అని వరండాలోనే చెప్పేశారు. చేయకపోవడం వాళ్ల ఇష్టం. కానీ ఇంకెక్కడికి వెళ్లాలో కూడా చెప్పకుండా ఫైలు చేతిలో పెట్టారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

ఈ హాస్పిటల్‌లో గైనిక్ డాక్టర్ గారు ముందుగా నన్ను, నాన్నని, అమ్మ వెంట వచ్చిన సంఘపెద్దని బయట కూర్చోమన్నారు. అమ్మతో ఒక్కదానితోనే అరగంట మాట్లాడారు. "ఇది మీరు అనుకున్నదేనా, వీళ్లకి భయపడి చెబుతున్నారా?" అని అడిగారట. తర్వాత ఏవి వద్దో అమ్మ చేతే తెలుగులో రాయించారు. ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వద్దు. ఆల్బుమిన్ (రక్తం నుంచి తీసే ఒక ప్రొటీన్) లాంటివి వాళ్ల మతంలో ఎవరి మనస్సాక్షికి వాళ్లకి వదిలేస్తారు, అమ్మ అదీ వద్దంది. రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు కొన్నిటిలో ఆల్బుమిన్ కలుపుతారని నాకు అప్పుడే తెలిసింది. డాక్టర్ గారు డబ్బా మీద చదివి, అది లేని కంపెనీది తెప్పించారు.

ఆరు వారాలు ఆగాం. బ్లీడింగ్ ఆగడానికి ఇంజెక్షన్లు, ఐరన్ సెలైన్‌లో రెండుసార్లు. టెస్టులకి కూడా చిన్నపిల్లలకి వాడే ట్యూబుల్లోనే కొంచెం కొంచెం తీశారు. హిమోగ్లోబిన్ 11.8కి వచ్చాక డేట్ ఇచ్చారు.

ముందు రోజు సాయంత్రం అమ్మకి తెలియకుండా డాక్టర్ గారి రూముకి వెళ్లాను. మత్తులో ఉన్నప్పుడు అవసరమైతే రక్తం ఎక్కించేయండి, నేను సంతకం పెడతాను అన్నాను. ఏడ్చాను కూడా. "చూడమ్మా, మెలకువగా ఉండి చెప్పిన మాట మత్తులో ఉన్నంత మాత్రాన మారిపోదు. చిన్నపిల్లకైతే నేనే ఊరుకోను. ఆవిడ పెద్దావిడ" అన్నారు. మత్తులో ఉన్న మేజరైన కూతురి తరఫున తల్లి ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని కూడా ఆవిడే చెప్పారు. ఆ రోజు ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఈ రివ్యూ రాస్తున్నది ఆ మాట కోసమే. నేను అడిగింది చేసి ఉంటే, లేచాక అమ్మ ముఖం ఎలా చూసేదాన్ని?

మత్తు డాక్టర్లలో ఒకరు, మనసు ఒప్పడం లేదని ముందే చెప్పి తప్పుకున్నారు. ఆయన మీద నాకు గౌరవమే. హాస్పిటల్ వాళ్లే వేరే ఆవిడని పిలిపించారు. ఆపరేషన్ లాపరోస్కోపీలో రెండు గంటలు పట్టింది, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చారు. మర్నాడు 10.7.

ఇబ్బందులు కూడా రాయాలి. సాయంత్రం ఓపీ రెండు గంటలు ఆలస్యం. ఐరన్ ఇంజెక్షన్ల డబ్బులు ఇన్సూరెన్స్‌లో రాలేదు. క్యాంటీన్‌లో రాత్రి ఎనిమిది దాటితే ఏమీ దొరకదు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లు ఉంటే ఆపరేషన్‌కి రెండు నెలల ముందే వెళ్లండి. కార్డుతో పాటు, ఏది వద్దో ఏది పర్వాలేదో వాళ్లనే కాగితం మీద రాసుకుని రమ్మనండి. మత్తు డాక్టర్‌ని మొదటి వారంలోనే కలవండి.