ల్యాప్‌టాప్ హమ్‌కి గ్రౌండ్ లూప్ ఐసోలేటర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ల్యాప్‌టాప్‌ని యాంప్లిఫయర్‌కి కలిపి పాటలు వినేవాళ్లకి ఈ గోల తెలిసే ఉంటుంది. ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని హమ్. మౌస్ కదిపితే సన్నగా కిచకిచ. ఛార్జర్ పీకేస్తే అంతా నిశ్శబ్దం. మీ దగ్గరా ఇలాగే ఉంటే అది చాలావరకు గ్రౌండ్ లూపే. మూడు పిన్నుల ఛార్జర్ వల్ల ల్యాప్‌టాప్ ఎర్త్‌కి కలుస్తుంది. యాంప్ తన ప్లగ్గు ద్వారా అదే ఎర్త్‌కి కలుస్తుంది. ఆడియో కేబుల్ షీల్డ్, అంటే లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు పొర, ఆ రెంటినీ మళ్లీ కలిపేస్తుంది. ఆ చుట్టులో తిరిగే కొద్దిపాటి కరెంటే పాటతో పాటు మనకు వినపడేది. మన సప్లై 50 హెర్ట్జ్ కాబట్టి మోత 50, 100, 150 దగ్గర ఉంటుంది.

ముందు రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడండి, ఖర్చు లేని పని. మా ఇంట్లో దానివల్ల హమ్ తగ్గింది కానీ పోలేదు. అప్పుడు కొన్నదే ఈ 3.5 మి.మీ. జాక్‌ల ఐసోలేటర్. లోపల ఎడమ, కుడి ఛానెళ్లకి చెరో చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అంతే. పాట అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, తీగకి తీగ తగలదు కాబట్టి ఆ చుట్టు తెగిపోతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. మధ్యలో తగిలించగానే హమ్ పోయింది, కిచకిచ కూడా దాదాపు పోయినట్టే.

లోపం బాస్‌లో ఉంది. గాత్రానికి, వీణకి తేడా తెలియదు. మృదంగం పెడితే పట్టుబడుతుంది: కుడిచేతి దెబ్బలు స్పష్టంగానే పలుకుతాయి, ఎడమ వైపు నుంచి రావాల్సిన గుమ్ము మాత్రం పలచబడుతుంది. ల్యాప్‌టాప్ వాల్యూమ్ పూర్తిగా పెంచితే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చిన్న కోర్ (తీగ చుట్టిన లోహపు దిమ్మ) తట్టుకోలేక కింది స్వరాలు బొంగురుపోతాయి కూడా. అందుకే ల్యాప్‌టాప్‌లో సగానికి కాస్త పైన ఉంచి, మిగతాది యాంప్‌లో పెంచుతాను. అలా వింటే నాకు ఇబ్బంది లేదు. పెద్ద సబ్ వూఫర్ ఉన్నవాళ్లకి మాత్రం దీన్ని సిఫార్సు చేయను.

యూఎస్‌బీ డాక్ (ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో తగిలించి ఆడియో లాంటి అదనపు జాక్‌లు తీసుకునే పెట్టె) పెడితే చాలంటారు కొందరు. యూఎస్‌బీ కేబుల్లోనూ గ్రౌండ్ తీగ ఉంటుంది కాబట్టి లూప్ అలాగే మిగలొచ్చు. డాక్ నుంచి యాంప్‌కి ఆప్టికల్ కేబుల్ వేసుకునే వీలుంటే అదే మేలు, అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు.

ఛార్జర్‌దో యాంప్‌దో ఎర్త్ పిన్ తీసేయమనే సలహా కూడా వినిపిస్తుంది. హమ్ పోతుంది, నిజమే. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున 230 వోల్టులు యాంప్ ఇనుప బాడీ మీదికి వస్తాయి. ఇంట్లో పిల్లలుంటారు.

కొనేవాళ్లకి ఇంకొక్క సంగతి. ఐసోలేటర్‌ని యాంప్ మీద పెట్టకండి. యాంప్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని ఇది పట్టేసి సన్నగా హమ్ వినిపిస్తుంది. రెండు జానల దూరం జరిపితే పోతుంది.