తిరుపతిలో సౌండ్ కార్డు కొనబోతున్నారా? ముందు ఆ ఎర్ర వెలుగు రంధ్రం సంగతి అడగండి

ఇంట్లో రికార్డింగు పెట్టుకుందామనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. మంచి కన్వర్టరు (గొంతును అంకెలుగా మార్చే పెట్టె) చేతిలో ఉంది కదా, కంప్యూటరుకు ఏదో ఒక చౌక కార్డు తగిలిస్తే చాలు అనుకుని పదకొండు రోజులు, కొంత డబ్బు పోగొట్టుకున్నాను.

మా చెల్లెలు పాడుతుంది. భవానీనగర్‌లో మా మేడ మీది గదిలో ఆమె కీర్తనలు నాలుగు రికార్డు చేయాలని, మూతపడుతున్న ఒక చెన్నై స్టూడియో నుంచి ఎనిమిది చానెళ్ల కన్వర్టరు, అంటే ఒకేసారి ఎనిమిది శబ్దాలను విడివిడిగా పంపేది, తెచ్చాను. పాతదే అయినా మేలైన సరుకు. దాన్ని కంప్యూటరుకు కలపడానికి ఊళ్లోనే ఒక దుకాణంలో 3,800 రూపాయలు పెట్టి కార్డు కొన్నాను. ‘ఎనిమిది చానెళ్లూ వస్తాయా?’ అని రెండుసార్లు అడిగాను. ‘ఆప్టికల్ ఉంది కదా సార్, డిజిటల్‌లో ఏ కార్డైనా ఒకటే’ అన్నారు.

ఆ మాటలో సగం నిజముంది. గొంతును అంకెలుగా మార్చే పని కన్వర్టరుది. కార్డు ఆ అంకెలను మోసుకెళితే చాలు, దాని సొంత నాణ్యతతో మనకు పని లేదు. మిగతా సగంలోనే నేను పడ్డాను.

కన్వర్టరు వెనక ఎర్రగా వెలిగే చదరపు రంధ్రం ఉంది. వెలుగుతో అంకెలు పంపే ఆప్టికల్ అంటే అదే. కార్డుకూ అచ్చం అలాంటిదే ఉంది. తీగ చక్కగా బిగిసింది, శబ్దం మాత్రం రాలేదు. ఒకే ఆకారపు రంధ్రంలో రెండు భాషలు నడుస్తాయని అప్పటికి నాకు తెలియదు. ఒకటి ఎస్పీడిఫ్, రెండే చానెళ్లు. రెండోది ఏడాట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర (అంటే శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచే వేగంలో) ఎనిమిది చానెళ్లు, 96కు పెంచితే నాలుగే. నా కన్వర్టరు ఆ రంధ్రంలో ఏడాట్ పలుకుతుంది, కార్డుకు ఎస్పీడిఫ్ తప్ప రాదు. ఫోను చేస్తే దుకాణం వాళ్లు డ్రైవరు మార్చమన్నారు. రెండు రోజులు మారుస్తూ కూర్చున్నాను.

సరే, రెండు చానెళ్లయినా చాలనుకుని, కన్వర్టరుకున్న మరో రంధ్రం నుంచి రాగి తీగతో ఎస్పీడిఫ్ కలిపాను. పాట వచ్చింది, దానితో పాటు పోపులో ఆవాలు చిట్లినట్టు టిక్కు టిక్కుమనే చప్పుడూ వచ్చింది. మృదంగం మోగుతున్నంతసేపు తెలియలేదు, ఆలాపన దగ్గర బయటపడింది. కారణం క్లాక్. ఒకే పాటకు ఇద్దరు వేర్వేరుగా తాళం వేస్తే ఏమవుతుందో అదే. కన్వర్టరుకో గడియారం, కార్డుకో గడియారం. రెంటి మధ్య పది లక్షల్లో పది వంతులు తేడా ఉన్నా చాలు, సెకనుకు 48,000 శాంపిళ్ల (కొలతల) లెక్కలో రెండు సెకన్లకొకటి జారిపోతుంది. ఎవరో ఒకరే తాళం వేయాలి, రెండోవారు అనుసరించాలి. కార్డు సెట్టింగుల్లో నాలుగు పేజీల లోపల ‘ఎక్స్‌టర్నల్’ అన్న మాట దొరికింది. అది నొక్కగానే చప్పుడు ఆగింది. చాలా చౌక కార్డుల్లో ఆ మాటే ఉండదు, ఆ విషయంలో నేను అదృష్టవంతుణ్ణే.

ఆ రాత్రి ఒక కీర్తన చెల్లెలి ఫోనుకు పంపాను. తెల్లవారకముందే ఫోను చేసింది. ‘అన్నయ్యా, ఇది నా శ్రుతి కాదు. ఎవరో నన్ను తరుముతున్నట్టుంది.’ పాడింది ఐదు కట్టె, ఫోనులో వినిపించింది ఐదున్నరకూ ఆరుకూ మధ్య ఎక్కడో. నాలుగున్నర నిమిషాల పాట నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లకు దిగింది. కన్వర్టరు 44.1 దగ్గర నడుస్తుంటే నేను కంప్యూటరులో 48 అని పెట్టాను. కార్డు కన్వర్టరు తాళాన్నే అనుసరిస్తోంది కనుక గదిలో విన్నప్పుడు అంతా సరిగానే ఉంది. ఫైలులో మాత్రం 48 అని పడింది, ఫోను దాన్నే నమ్మి వేగంగా పాడింది. ఈ తప్పు పూర్తిగా నాదే. మళ్లీ మరిచిపోకుండా కార్డు డబ్బా మూలన పెన్నుతో 48 అని రాసి, చుట్టూ సున్నా చుట్టాను.

ఆరు చానెళ్లు మాత్రం పనికిరాకుండానే ఉండిపోయాయి. కార్డు వెనక్కి ఇస్తానంటే సీలు చించారన్నారు. మీరే కదా వస్తుందన్నారు అంటే, బిల్లు మీద రాసి ఉందా అని అడిగారు. లేదు. చివరికి 1,500 చేతిలో పెట్టి తీసుకున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉందని తెలుసు, కానీ నోటిమాట తప్ప నా దగ్గర ఏ కాగితమూ లేదు.

కాబట్టి ఆప్టికల్ ఉందా అని అడగకండి. ఏడాట్ ఉందా, బయటి క్లాక్‌ను అనుసరిస్తుందా అని అడగండి. ఉందంటే మాన్యువల్‌లో ఆ పేజీ చూపించమనండి, చూపించాక బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఇంకేమీ అడగకుండా బయటికి రండి.

మొన్న తీగ కోసం అదే దుకాణానికి వెళ్లాల్సి వచ్చింది. గాజు బీరువాలో ఆ కార్డు కొత్త ప్లాస్టిక్ కవరులో మెరుస్తోంది. ధర 3,800. కవరు కింద, డబ్బా మూలన, సున్నా చుట్టిన 48.