“ఒరిజినల్ బ్లూరే, తెలుగు ఆడియో” అని అమ్ముతున్న డిస్క్‌లతో జాగ్రత్త – గోదావరి జిల్లాల వాళ్లు తప్పక చదవండి

ఆన్‌లైన్‌లో హాలీవుడ్ సినిమాలకి “ఒరిజినల్ బ్లూరే, తెలుగు ఆడియో” అని బోర్డు కట్టి అమ్ముతున్న ఒక సెల్లర్ దగ్గర ‘సోర్స్ కోడ్’ సినిమా తెప్పించాను. వచ్చింది బ్లూరే (డీవీడీ కన్నా చాలా స్పష్టమైన బొమ్మ ఇచ్చే డిస్క్) కాదు. అందులో తెలుగూ లేదు. 1,199 రూపాయలు తీసుకున్నాడు, ఇప్పటిదాకా పైసా వెనక్కివ్వలేదు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకుని డిస్క్‌లు తెప్పించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే రాస్తున్నానండి. మీ ఆర్డర్ ఇంకా దారిలో ఉంటే ముందు క్యాన్సిల్ చేసి, తర్వాత మిగతాది చదవండి.

మా వీధి పిల్లలు ‘ఆదిత్య 369’ చూసి వెర్రెత్తిపోయారు. టైమ్ మెషీన్ ఎక్కి రాయలవారి కాలానికీ, అక్కణ్ణుంచి 2504కీ వెళ్లడం చూశాక “ఇలాంటిదే ఇంకోటి వెయ్యి మావయ్యా” అని నా వెంట పడ్డారు. సింగీతం గారు 1991లోనే అలాంటిది తీసేశారు గానీ, మన భాషలో ఆ దారిన వచ్చినవి బహు తక్కువ. అందుకని 2011లో డంకన్ జోన్స్ తీసిన ఈ సినిమా ఎంచుకున్నాను. ఒక సైనికుడు షికాగో వెళ్లే రైల్లో కళ్లు తెరుస్తాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి అతన్ని ఎవరో అనుకుని మాట్లాడుతూ ఉంటుంది. బాత్రూమ్ అద్దంలో చూసుకుంటే కనిపించేది తన ముఖం కాదు, ఒక స్కూలు మాస్టారిది. 8 నిమిషాల్లో రైలు పేలిపోతుంది. బాంబు పెట్టిందెవరో తేలేదాకా అదే శరీరంలోకి, అవే 8 నిమిషాల్లోకి అతన్ని మళ్లీ మళ్లీ పంపిస్తారు. సినిమా మొత్తం 93 నిమిషాలు. ప్రతి విడతలోనూ అదే బోగీ, అదే కాఫీ బూటు మీద ఒలకడం, అవే మాటలు. మారేది ఎక్కడో చిన్న ముక్క. ఆ చిన్న ముక్క పట్టుకోవాలంటే బొమ్మ స్పష్టంగా ఉండాలి, మాట అర్థమవ్వాలి. తెలుగు మీడియం పిల్లలకి తెలుగు ఆడియో కావాలన్నది అందుకే. సెల్లర్ పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్నదీ అదే.

పార్శిల్ పైకి బాగానే ఉంది. నీలం రంగు కేసు, పైన సెల్లోఫేన్. అసలు సంగతి కేసు తెరిచాకే బయటపడింది. డిస్క్ మీది బొమ్మ ఇంట్లో ప్రింటర్ మీద తీసిందిలా ఉంది; చెమ్మ వేలు తగిలితే హీరో చొక్కా రంగు నా బొటనవేలికి అంటుకుంది. వెనక్కి తిప్పితే ఊదా రంగు. నడిమి రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో ఖాళీ డిస్క్ చేసిన కంపెనీ గుర్తు, పక్కనే 4.7 జీబీ అని. అంటే బజార్లో దొరికే ఖాళీ డీవీడీ మీద ఎక్కడిదో కాపీ ఎక్కించి బ్లూరే కేసులో పెట్టి పంపాడన్నమాట. బ్లూరే అయితే ఒక్క పొరకే 25 జీబీ పడుతుంది, రెండు పొరలదైతే 50.

సాయంత్రం డాబా మీద తెర కట్టి వేశాం. తెలుగు వెతికితే ఉన్నది హిందీ, ఇంగ్లీషు మాత్రమే. సరే, నేనే చెబుతానని పిల్లల్ని కూర్చోబెట్టాను. అద్దం సీను వచ్చింది. కథకంతా మూలం ఆ ముఖం, అది మసక ముద్దలా ఉంది. తర్వాత డిస్క్ ఆగడం, గెంతడం మొదలైంది. వేరే సినిమా అయితే సర్దుకునేవాళ్లం. ఇందులో కాలమే మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్తుంది కదా, “ఇప్పుడు వెనక్కి వెళ్లింది సినిమానా, డిస్కా?” అని ఆరో తరగతి పిల్ల అడిగింది. చెప్పలేకపోయాను. గంట దాటాక పూర్తిగా నిలిచిపోయింది. ఎవరు చేశారో తెలియకుండానే పిల్లలు ఇళ్లకి పోయారు. డబ్బు కన్నా నాకు మంట పుట్టించింది ఇది.

ఒక సులువైన పరీక్ష చెబుతాను. బ్లూరే ప్లేయర్‌లో డీవీడీ కూడా ఆడుతుంది, కాబట్టి బొమ్మ వచ్చింది కదా అని నమ్మకండి. అటకమీది పాత డీవీడీ ప్లేయర్ దించి అందులో వెయ్యండి. బ్లూరేని చదవడానికి నీలి లేజర్ కావాలి, డీవీడీ ప్లేయర్లో ఉండేది ఎర్రది. అందులో కూడా ఆడిందంటే అది బ్లూరే కానే కాదు. కంప్యూటర్ ఉంటే సైజు చూసినా తెలిసిపోతుంది. నాకు వచ్చింది 4.3 జీబీ.

నిజమైన బ్లూరే అయినా రీజియన్ (డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) అడిగి కొనండి. మన దేశానిది సీ, అమెరికాది ఏ, యూరప్‌ది బీ. అమెరికా నుంచి తెప్పించిన డిస్క్‌కి రీజియన్ తాళం ఉంటే ఇక్కడ కొన్న ప్లేయర్ తీసుకోదు. బ్లూరే కన్నా ఇంకా స్పష్టంగా ఉండే 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్క్‌లకి మాత్రం ఈ బాధ లేదు. భాష విషయంలో పేజీ మీద రాతని నమ్మొద్దు. కేసు వెనకవైపు ఆడియో భాషలు అచ్చేసిన చోటు ఫోటో పంపమని అడగండి. నేను కొన్న తర్వాత ఇంకొకరు అడిగితే ఈ సెల్లర్ పంపలేదు, ఆ ప్రశ్ననే తీసేశాడు.

డబ్బు వెనక్కి అడిగితే “సీల్ తీసినవి తీసుకోం” అన్నాడు. ఆ మాట చెల్లదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకునీ, నకిలీ సరుకునీ సెల్లర్ వెనక్కి తీసుకుని తీరాలి. డిస్క్ నకిలీదో కాదో సీల్ తియ్యకుండా ఎలా తెలుస్తుందండీ? సైట్‌కి ఫిర్యాదుల అధికారి ఉండాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సెల్లర్ ఢిల్లీలో ఉన్నా సరే, కేసు మీరు ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. వెయ్యి రూపాయలకి ఇంత తిరుగుడు ఎందుకని మనవాళ్లు చాలామంది వదిలేస్తారు, వీళ్లు బతుకుతున్నది సరిగ్గా ఆ లెక్క మీదే.

ఇప్పటికే పార్శిల్ చేతికొచ్చి ఉంటే, అడ్రస్ చీటీ కనపడేలా మొదలుపెట్టి డిస్క్ వెనకవైపు దాకా ఎక్కడా ఆపకుండా వీడియో తియ్యండి. సెల్లర్ పేజీ స్క్రీన్‌షాట్ ఈ రోజే తీసి పెట్టుకోండి, “తెలుగు ఆడియో” అన్న లైను కనపడాలి. బిల్లు, కేసు, చివరికి సెల్లోఫేన్ కూడా పారెయ్యకండి. మా ఫిర్యాదు 1915లో నమోదైంది. ఇదే సెల్లర్ దగ్గర మోసపోయినవాళ్లు తమ తమ పేరుతో విడిగా ఫిర్యాదు పెట్టండి. నిన్న చూస్తే అదే ఫోటోతో, అదే “తెలుగు ఆడియో” రాతతో ఇంకా అమ్ముతూనే ఉన్నాడు.