పెంచుతామన్న జీతం పెంచకపోతే: నల్గొండ కోర్టులోని ఉచిత న్యాయ సేవ

నల్గొండ జిల్లా కోర్టులో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థ గురించి రాస్తున్నాను. ప్రైవేటు కొలువు చేసే ఆడవాళ్లకు దీని గురించి తెలియాలి.

నేను ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. తక్‌పట్టీలు (వడ్ల కొనుగోలు చీటీలు), లారీల లెక్కలు, జీఎస్టీ బిల్లులు అన్నీ నా మీదే. దసరా నుంచి నెలకు 3,000 పెంచుతానని సేటు అందరి ముందూ చెప్పాడు. సంక్రాంతి దాటినా పెంచలేదు. అడిగితే "యాసంగి వడ్లు రానీ అమ్మా, చూద్దాం" అన్నాడు. వడ్లు వచ్చాయి, మిల్లు రాత్రింబవళ్లు ఆడింది, నా జీతం మాత్రం అంతే.

అప్పుడు ఈ సంస్థకు వెళ్లాను. అక్కడి వకీలు మేడం నా గోడు అంతా విని, "రాతలో ఏమైనా ఉందా?" అని అడిగారు. నోటిమాట కూడా ఒప్పందమే, కానీ రుజువు చేయడం కష్టమట. నా ఫోన్లో మేనేజరు పెట్టిన మెసేజ్ ఉంది: "దసరా నెల నుంచి 3000 కలుస్తది, సేటు ఓకే అన్నడు." మేడం తారీఖు, నంబరు రాసుకుని, "స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకండి. ఆ చాట్ డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు" అన్నారు. కోపంలో రాజీనామా ఇవ్వొద్దని కూడా గట్టిగా చెప్పారు. ముందు ఎంత, ఎప్పటి నుంచి రావాలో రాసి సేటుకు స్పీడ్ పోస్టులో పంపించి, రసీదు దాచుకోమన్నారు. కనీస వేతనం కన్నా తక్కువ ఇస్తుంటే అది వేరే సంగతి, దానికి కార్మిక శాఖకు వెళ్లాలి. నాది ఇచ్చిన మాట తప్పిన కేసు.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. అప్పుడు సంస్థ నుంచే సేటుకు నోటీసు వెళ్లింది. కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇక నుంచి పెంచిన జీతం, పాత బాకీలో సగం రెండు విడతల్లో ఇచ్చేట్టు రాజీ కుదిరింది. సగం వదులుకోవడం నాకు ఇప్పటికీ బాధే. కానీ ఆ రాజీని లోక్ అదాలత్‌లో, అంటే ఈ సంస్థ నడిపే రాజీల కోర్టులో రాయించారు. అక్కడ రాసుకున్న రాజీకి సివిల్ కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఆ ధైర్యంతోనే సంతకం పెట్టాను. రెండు విడతలూ అకౌంట్లో పడ్డాయి.

ఒకటి మాత్రం తెలుసుకుని వెళ్లండి. ఇక్కడ ఎవరినీ బలవంతంగా ఒప్పించరు. అవతలివాళ్లు రాజీకి రాకపోతే కోర్టుకు పోవాల్సిందే. అప్పుడు కూడా ఉచితంగా వకీలును పెడతారు. బాకీ జీతం దావాకు 3 ఏళ్ల గడువుంది కాబట్టి, "వచ్చే నెల" అన్న మాట నమ్మి ఏళ్లు గడవనివ్వకండి.

ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఈ సాయం ఉంటుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. ముందుగా 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. వెళ్లేటప్పుడు ఆధార్, అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటే అది, ఎంట్రీలు వేయించిన బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి. నా జీతం ఏ నెలా పెరగలేదని ఆ పాస్‌బుక్ చూపించాకే సేటు ఒప్పుకున్నాడు.