‘పవర్‌సేవ్’ అనే పేరుతో నాకున్న తగువు

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ప్రాసెసర్ వేగాన్ని పెంచి తగ్గించే ఏర్పాటును 2017 నుంచి రోజూ వాడుతున్నాను. దాని పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా అందులోని ఒక పేరు మీద. ‘పవర్‌సేవ్’ అనే ఆ ఒక్క మాట వల్ల 2022 ఏప్రిల్‌లో నాకు నాలుగు రోజులు పోయాయి. ఏ లోపమూ లేని యంత్రాన్ని విప్పించి డబ్బు కట్టాను. నన్ను నమ్మి వచ్చిన ఒక అమ్మాయి థీసిస్ గడువు దాటిపోయే పరిస్థితి వచ్చింది. ఆ మాట ఎక్కడైనా కనిపిస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గవర్నర్ అంటే ఏమిటి, సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు ఎక్కడుంటాయి అన్నవి తెలిసినవాళ్ల కోసమే రాస్తున్నాను కాబట్టి మొదటి పాఠాలు వదిలేస్తాను. మిగతావాళ్లకు ఒక్క ముక్క: ప్రాసెసర్ ఎప్పుడు ఏ వేగంతో నడవాలో నిర్ణయించే పద్ధతి గవర్నర్, ‘పవర్‌సేవ్’ అలాంటి ఒక గవర్నర్ పేరు, ఈ అమరికలను చూసి మార్చుకోవడానికి కెర్నెల్ చూపించే ఫైళ్లే సిస్‌ఎఫ్‌ఎస్. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ5 4200యూ ప్రాసెసర్, నాలుగో తరానిది. కనిష్ఠ వేగం 800 మెగాహెర్ట్జ్, టర్బోతో గరిష్ఠం 2.6 గిగాహెర్ట్జ్. ఈ రెండు అంకెలతో తర్వాత పని పడుతుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ అవుట్‌గేటు దగ్గర నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసి, లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టి, ప్రింటు తీసి బైండింగుకు పంపడం నా జీవనం.

పొదుపు అనే మాట మీద నాకు అంత మమకారం ఎందుకో కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. మా వీధిలో కరెంటు తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఫోనులో, ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఛార్జింగును ఇంట్లో బియ్యం చూసుకున్నట్టు చూసుకున్నాం. అప్పటి నుంచి ఏ పరికరం చేతికొచ్చినా అది కరెంటు ఎంత తాగుతుందన్నదే నా మొదటి ప్రశ్న. అందుకే 2017లో ఈ ల్యాప్‌టాప్‌లో డెబియన్ 9 అనే లినక్స్ రకం వేసి, గవర్నర్ల జాబితా తెరిస్తే ‘పర్ఫార్మెన్స్’, ‘పవర్‌సేవ్’ అని రెండే పేర్లు కనిపించినప్పుడు నేను ఆలోచించలేదు. ప్రతిసారీ బూటయ్యేటప్పుడు రెండోదే అమలయ్యేలా సీపీయూఫ్రీక్‌యుటిల్స్ అనే సాధనం అమరిక ఫైలులో రాసిపెట్టాను.

ఐదేళ్ల పాటు అది నిజంగా బాగా పనిచేసింది. పని లేనప్పుడు వేగం 800 దగ్గర పడుకునేది. లేటెక్ మొదలవగానే 2.6 దాకా లేచేది, పని ముగిశాక మళ్లీ దిగేది. ఇంతకంటే ఏం కావాలనిపించింది. తెలిసినవాళ్లందరికీ అదే చెప్పాను: ‘పవర్‌సేవ్ పెట్టుకోండి, ఇక దాని జోలికి పోకండి.’ నలుగురి యంత్రాల్లో నా చేత్తోనే ఆ మాట రాశాను కూడా. ఆ సలహాలో మొదటి సగం కొందరికి ఇప్పటికీ సరైనదే. రెండో సగం మాత్రం నేను ఇవ్వకూడని సలహా.

2022 ఉగాది ఏప్రిల్ 2న, శనివారం వచ్చింది. దుకాణానికి సెలవు కాబట్టి ఆ రోజు డెబియన్ 10 నుంచి 11కు మారాను. అంటే కెర్నెల్ 4.19 నుంచి 5.10కి వెళ్లింది. ఒక్క పొరపాటు సందేశం కూడా రాకుండా అంతా పూర్తయింది. సోమవారం దుకాణం తెరిచి పనిలో కూర్చుంటే యంత్రం మెట్లెక్కుతున్న ముసలాయనలా కదలడం మొదలుపెట్టింది. ఫైలు తెరవడం, పీడీఎఫ్‌లో పేజీ తిప్పడం, అక్షరం కొడితే తెర మీద కనబడడం, అన్నిట్లోనూ ఒక బరువు.

మొదటి అనుమానం వేడి మీదికే పోయింది. ఏప్రిల్‌లో విశాఖ ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పైగా సముద్రపు గాలికి ఇక్కడ స్క్రూలు, హింజిలు అన్నీ తుప్పుపడతాయి. ఫ్యాన్ ఆగిపోయి ఉంటుంది, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటూ ఉంటుంది అనుకున్నాను. మంగళవారం డాబాగార్డెన్స్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విప్పి, ఫ్యాన్ రెక్కలకు పట్టిన జిడ్డు దుమ్ము తుడిచి, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు రాసి ఆరు వందలు తీసుకున్నారు. మార్పు లేదు. ‘బోర్డు పాతబడిందండీ, ఇక ఎన్నాళ్లో వస్తుందనుకోకండి’ అన్నారు. ఆయన తప్పేమీ లేదు, కంటికి కనిపించినదాన్ని బట్టి చెప్పారు. బుధవారం డిస్కు పోతోందేమోనని రెండు గంటల పరీక్ష పెట్టాను. డిస్కు శుభ్రంగా ఉంది.

గురువారం సాయంత్రం రసాయనశాస్త్రంలో పరిశోధన చేసే ఒక అమ్మాయి వచ్చింది. ‘సార్, రేపు పదకొండు గంటలకల్లా ఐదు కాపీలు డిపార్ట్‌మెంటులో ఇవ్వాలి. గైడ్ గారు మళ్లీ దిద్దుబాట్లు ఇచ్చారు’ అంది. ‘కూర్చో అమ్మా, చేసేద్దాం’ అన్నాను గాని లోపల గుబులుగా ఉంది. ఒక్కో దిద్దుబాటుకూ మొత్తం థీసిస్‌ను మళ్లీ కంపైల్ చేయాలి, అంటే లేటెక్‌తో పేజీలన్నీ మళ్లీ కట్టించాలి. మామూలుగా 50 సెకన్లలో అయ్యే పని. ఆ రోజు గడియారం పెట్టి చూస్తే 2 నిమిషాల 40 సెకన్లు పట్టింది. దిద్దుబాట్లేమో అరవైకి పైగా ఉన్నాయి.

అలా ఎదురుచూస్తూ అరచెయ్యి కీబోర్డు పక్కన ఆనించాను. చల్లగా ఉంది. నాకు అక్కడే వెలిగింది. వేడెక్కి నెమ్మదించిన యంత్రమైతే చెయ్యి చురుక్కుమనాలి కదా! సెన్సార్ చూస్తే 47 డిగ్రీలు. కంపైల్ నడుస్తున్నప్పుడు ఇది మామూలుగా 75 దాటుతుంది. వెంటనే కాగితం మీద రెండు లెక్కలు వేశాను. 160ని 50తో భాగిస్తే 3.2. 2600ని 800తో భాగిస్తే 3.25. ఇక అనుమానం లేదు. ప్రాసెసర్ కనిష్ఠ వేగం దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

ప్రస్తుత వేగం చూపే ఫైలు తెరిస్తే, పని నడుస్తున్నా లేకపోయినా 800 మెగాహెర్ట్జే. గవర్నర్ ఫైలులో ఎప్పటిలాగే ‘పవర్‌సేవ్’. ప్రాసెసర్‌కు వేగం మార్చమని చెప్పే కెర్నెల్ భాగమైన డ్రైవర్ పేరు దగ్గర మాత్రం కళ్లు ఆగాయి. ఐదేళ్లుగా ‘ఇంటెల్ పీస్టేట్’ అని ఉండేది, ఇప్పుడు ‘ఇంటెల్ సీపీయూఫ్రీక్’ అని ఉంది. గవర్నర్ల జాబితా కూడా పొడుగైంది. ఇంతకుముందు లేని ‘షెడ్‌యుటిల్’, ‘ఆన్‌డిమాండ్’ లాంటి పేర్లు చేరాయి. నాలుగు లాజికల్ సీపీయూలకూ (కెర్నెల్‌కు విడివిడిగా కనిపించే నాలుగు ప్రాసెసర్లకూ) గవర్నర్‌ను షెడ్‌యుటిల్‌కు మార్చాను. ఫ్యాన్ గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి లేచింది. తర్వాతి కంపైల్ 49 సెకన్లు. ఆ అమ్మాయి ‘ఏం చేశారు సార్?’ అని అడిగితే, ‘ఒక మాట మార్చానమ్మా’ అన్నాను. రాత్రి ఒంటిగంటకు ప్రింట్లు పూర్తయ్యాయి, ఉదయం తొమ్మిదిన్నరకు బైండింగు చేతికొచ్చింది.

జరిగిందేమిటో మర్నాడు కెర్నెల్ పత్రాలు తీసి చదివితే అర్థమైంది. ఇంటెల్ పీస్టేట్ డ్రైవరుకు యాక్టివ్, పాసివ్ అని రెండు పద్ధతులున్నాయి. యాక్టివ్‌లో వేగాన్ని నిర్ణయించే లెక్కంతా డ్రైవరే చూసుకుంటుంది. అక్కడ ‘పవర్‌సేవ్’ అంటే పనిని బట్టి ఎక్కుతూ దిగుతూ ఉండే పద్ధతి. పాసివ్‌లో డ్రైవర్ పక్కకు తప్పుకొని, కెర్నెల్‌లో అందరికీ ఉమ్మడిగా ఉన్న గవర్నర్లకు పగ్గాలు ఇస్తుంది. ఆ ఉమ్మడి గవర్నర్లలోనూ ‘పవర్‌సేవ్’ ఒకటుంది. దానికి తెలిసిందల్లా అనుమతించిన వేగాల్లో కనిష్ఠం దగ్గర కూర్చోవడం, ఎంత పని పడినా కదలకపోవడం. ఒకే ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరుంటే ఒకరి ఉత్తరం మరొకరి గుమ్మంలో పడుతుంది. 2017లో నేను రాసిన ఉత్తరానికి అదే జరిగింది. వేగాన్ని తనంతట తానే నిర్ణయించుకునే హెచ్‌డబ్ల్యూపీ సదుపాయం లేని పాత ప్రాసెసర్లకు 2020లో కెర్నెల్ పాసివ్ పద్ధతిని సహజ అమరికగా మార్చింది. నేను 4.19 నుంచి నేరుగా 5.10కి దూకాను కాబట్టి ఆ మార్పు నాకు ఒక్క రాత్రిలో తగిలింది.

మార్పు మంచిదే, దానికి నేను వ్యతిరేకిని కాదు. ఈ రెండు పవర్‌సేవ్‌లూ ఒకటి కాదని పత్రాల్లో స్పష్టంగానే రాసి ఉంది. కానీ గవర్నర్ ఫైలు తెరిచిన మనిషికి కనిపించేది ఆ ఒక్క మాటే, పత్రం కాదు. మొదటి రోజే దానికి ఇంకో పేరు పెట్టి ఉంటే, నా పాత ఫైలులోని మాట చెల్లక కెర్నెల్ తిప్పికొట్టేది, నేను సోమవారమే తెలుసుకునేవాణ్ని. పేరు చెల్లింది కాబట్టే ఎవరూ ఏమీ అనలేదు.

పొదుపు గురించి కూడా నా అభిప్రాయం మారింది. ఆ నాలుగు రోజుల్లో ఒక మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయి బ్యాటరీ మీద పనిచేశాను. వేగం 800 దాటడం లేదు కాబట్టి ఛార్జింగ్ ఎక్కువసేపు రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ ఛార్జింగుతో తేలిన పేజీలు మామూలు కంటే తక్కువ. ప్రాసెసర్ నెమ్మదిగా పనిచేసినంతసేపూ తెర వెలుగుతూనే ఉంటుంది, డిస్కు తిరుగుతూనే ఉంటుంది, మెమరీ కరెంటు తాగుతూనే ఉంటుంది. పని త్వరగా ముగించి గాఢనిద్రలోకి జారుకునే ప్రాసెసరే చాలాసార్లు తక్కువ ఖర్చు చేస్తుంది.

షెడ్‌యుటిల్ మీద నాకు గౌరవం పెరిగింది ఆ తర్వాతే. అది 2016లో 4.7 కెర్నెల్‌తో వచ్చింది. ఆన్‌డిమాండ్ అయితే కొంతసేపటికోసారి తొంగిచూసి, ప్రాసెసర్ ఎంతసేపు ఖాళీగా ఉందో లెక్కేస్తుంది. షెడ్‌యుటిల్‌కు ఆ తొంగిచూపు అక్కర్లేదు. ఏ పని ఎప్పుడు నడవాలో చూసే కెర్నెల్ భాగమైన షెడ్యూలర్ దగ్గర, ఏ పని ఎంత బరువో ముందే ఉన్న లెక్కను తీసుకొని, దానికి పాతిక శాతం కలిపి వేగం అడుగుతుంది. ప్రాసెసర్ శక్తిలో 60 శాతం పని ఉంటే గరిష్ఠ వేగంలో 75 శాతం అడుగుతుందన్నమాట. 80 శాతానికి చేరితే పూర్తి వేగమే. ఆ పాతిక శాతం చేతిలో ఉండడం వల్లే పని పెరిగినా తెర తడబడదు.

ఎండాకాలం మాత్రం దానికి పగ్గాలు పూర్తిగా వదిలేయను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గరిష్ఠ వేగం ఫైలులో 2000000 అని రాస్తాను. అక్కడ లెక్క కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది కాబట్టి అది 2 గిగాహెర్ట్జ్. కంపైల్ పది పదిహేను సెకన్లు ఆలస్యమవుతుంది, కానీ ఫ్యాన్ రొద సగానికి పడిపోతుంది. వేగం పెరిగితే వోల్టేజీ కూడా పెరగాలి, కరెంటు ఖర్చు మీద వోల్టేజీ ప్రభావమేమో వర్గంగా పడుతుంది. అందుకే పైనున్న ఆ 600 మెగాహెర్ట్జే అన్నిటికంటే ఖరీదైనవి. రాసేటప్పుడు రెండు విషయాలు మరవకండి. అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో ఎకో (మాటను పలికించే ఆదేశం) చేసి బాణం గుర్తుతో ఫైలులోకి పంపితే అనుమతి లేదంటుంది, ‘టీ’ ఆదేశం గుండా పంపాలి. ఒక్కో లాజికల్ సీపీయూకు ఒకటి చొప్పున ఉన్న నాలుగు పాలసీ ఫోల్డర్లలోనూ రాయాలి, ఒక్కటి మరిచినా పని దాని మీద పడినప్పుడు పాత కథే. ఇవి రీబూట్ అయితే చెరిగిపోతాయి కాబట్టి బూటులో నడిచే చిన్న స్క్రిప్టు పెట్టుకున్నాను.

మరి వాడమంటానా? నాలాగా నాలుగో తరం, ఆ చుట్టుపక్కల ఇంటెల్ యంత్రం, కొత్త కెర్నెల్ ఉంటే షెడ్‌యుటిల్ పెట్టుకోండి అంటాను. ఆరో తరం నుంచి వచ్చిన హెచ్‌డబ్ల్యూపీ ఉన్న యంత్రాల్లో యాక్టివ్ పద్ధతే సహజంగా నడుస్తుంది, అక్కడ పవర్‌సేవ్ అన్న మాట ఇప్పటికీ మంచి అర్థంలోనే పనిచేస్తుంది, దాన్ని కదపనవసరం లేదు. ఏఎమ్‌డీ యంత్రాలు నేను వాడలేదు. పైగా నా దుకాణంలో ఇన్వర్టర్ ఉంది, నా పని నిమిషం పాటు ఉరికి ఐదు నిమిషాలు ఆగే రకం. గంటల తరబడి వీడియో తయారుచేసేవాళ్లకు నా 2 గిగాహెర్ట్జ్ హద్దు గిట్టకపోవచ్చు.

నేను పవర్‌సేవ్ రాసిపెట్టిన ఆ నలుగురికీ ఆ శుక్రవారమే ఫోన్ చేశాను. ముగ్గురివి కొత్త యంత్రాలు, ఇబ్బంది లేదు. నాలుగో ఆయనది నా ల్యాప్‌టాప్ లాంటిదే. యంత్రం మందగించిందని ఆయన అప్పటికే దాన్ని మూటకట్టి అటక మీద పెట్టేశారట. ఆదివారం వెళ్లి అటక దింపించి, ఆ ఒక్క మాట మార్చి వచ్చాను. వాళ్ల అబ్బాయి ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుకు దాన్నే వాడుతున్నాడు.